పాప మళ్ళీ ‘మేడమ్’ అంటోంది

ఈసారి వచ్చిన కట్టలో మూడు ఉత్తరాలు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఇంట్లో ఫోస్టర్ కేర్ పిల్ల (దత్తత కాదు, పెంచమని కమిటీ అప్పగించిన పిల్ల) ఉంది, కడుపులో సొంత బిడ్డ ఉంది, లేదా ఈ రెండూ ఒకేసారి కావాలనుంది. అందుకని మూడింటినీ కలిపి తీసుకున్నాను. ఊళ్ళ పేర్లు ఉంచి పిల్లల పేర్లు, బడుల పేర్లు కొట్టేశాను. ఒకావిడ పాప ఫోటో కూడా జతచేశారు. అది మా ఆఫీసు గడప దాటదు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తు తెలిసేలా ఏ పత్రికా ఏమీ వేయకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. మీరూ ఆ జాగ్రత్తతో రాస్తే నాకు ఎర్ర పెన్ను పని తగ్గుతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కాకినాడ. నాకు 37, మావారికి 41. పిల్లల కోసం ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. చివరికి విసిగిపోయి మానేశాం. పోయిన ఏడాది వినాయక చవితి ముందు ఫోస్టర్ కేర్‌లో ఒక పాపని ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. తండ్రి చనిపోయాడు. తల్లి పిల్లల హోమ్‌లో చేర్చి కొన్నాళ్ళు వచ్చింది, తర్వాత రావడం మానేసింది. మొదట్లో పాప నన్ను హోమ్ అలవాటుకొద్దీ ‘మేడమ్’ అనేది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు తనంతట తనే ‘అమ్మా’ అంది.

ఇప్పుడు నాకు ఐదో నెల. మేము చెప్పకముందే మా ఆడపడుచు ఫోన్లో మాట్లాడుతుంటే పాప వినేసింది. అప్పట్నుంచి మళ్ళీ ‘మేడమ్’ అంటోంది. పక్క తడుపుతోంది. దిండు గలేబులో బిస్కెట్లు, చపాతీ ముక్కలు చీమలు పట్టి దొరుకుతున్నాయి. రోజూ రాత్రి బట్టలు మడతపెట్టి స్కూలు బ్యాగు పక్కన పెట్టుకుని పడుకుంటోంది. నాకు వేవిళ్ళు ఇంకా తగ్గలేదు. పొద్దున జడలు వేస్తూ మధ్యలో వాంతికి పరిగెత్తి తిరిగొచ్చేసరికి ఎలాగోలా తనే రబ్బరు బ్యాండు పెట్టేసుకుని ‘అయిపోయింది మేడమ్’ అంటుంది.

మా అత్తగారు ‘దీని కాలు మంచిది, అడుగుపెట్టింది, కడుపు పండింది’ అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఆడపడుచు ‘ఇంకెందుకు, అప్పజెప్పేయండి’ అంటోంది. మామగారేమో ‘నీకు ఆడపిల్ల పుడితే చట్టప్రకారం ఇంకో ఆడపిల్లని దత్తత తీసుకోవడం కుదరదు’ అంటున్నారు. డీసీపీయూ (జిల్లా బాలల సంరక్షణ విభాగం) వాళ్ళకి నేను కడుపుతో ఉన్న సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే పాపని తీసుకెళ్ళిపోతారని మావారి భయం. కాన్పు జనవరిలో. ఏడో నెలలో మా అమ్మ అనకాపల్లి తీసుకెళ్తానంటోంది. పాపని ఎక్కడ ఉంచాలి? పాపకి ఏమని చెప్పాలి? - ఒక అమ్మ, కాకినాడ

జవాబు: తల్లీ, ముందు ఆ బట్టల మూట సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని వెనకే ఉన్నాయి.

నేను బాలసదనంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. అక్కడ ప్రతి పిల్లకీ ఒక ట్రంకుపెట్టె, ఒక మంచం. కొత్త పిల్ల వచ్చిందంటే ఎవరిదో మంచం మారుతుంది. చోటు చాలకపోయినా, వయసు దాటినా పెద్దపిల్లల్ని ఇంకో హోమ్‌కి మారుస్తారు. ఎవరికీ వాళ్ళమీద కోపం ఉండి కాదు, లెక్క అలా ఉంటుంది. ఆ లెక్క మీ పాపకి కంఠతా వచ్చు. ‘బిడ్డ పుట్టబోతోంది’ అంటే మీ ఆడపడుచుకి వినిపించింది ఒకటి, పాపకి వినిపించింది ఇంకొకటి: కొత్త అడ్మిషన్. అందుకే సర్దుకుని కూర్చుంది. అది మీమీద అలక అనుకోకండి, అసూయ అంతకన్నా అనుకోకండి. తనకు తెలిసిన పద్ధతి ప్రకారం బుద్ధిగా నడుచుకుంటోంది పాపం.

కాబట్టి పాపకి చెప్పాల్సింది బిడ్డ గురించి తక్కువ, తన గురించి ఎక్కువ. ‘నీకు చిట్టి తమ్ముడో చెల్లో వస్తున్నారోచ్’ అని లడ్డూ చేతిలో పెట్టి మొదలుపెట్టకండి. మీరిద్దరూ కూర్చుని, టీవీ కట్టేసి, ఆ పిల్ల అడగలేకపోతున్న ప్రశ్నలకి మీరే జవాబు చెప్పండి. ఈ మంచం నీదే, ఈ గది నీదే, బిడ్డ మా గదిలో పడుకుంటుంది. నీ బడి మారదు, ఆటో మారదు. నిన్ను తీసుకెళ్ళమని మేము ఎవరినీ అడగం, అడగబోం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చాలామంది ప్రేమకొద్దీ నోరు జారేది ఇక్కడే. ‘నువ్వు ఎప్పటికీ మా దగ్గరే ఉంటావు’ అనొద్దు. ఆ మాట మీ చేతుల్లో లేదు. ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. పిల్ల ఎక్కడుండాలో నిర్ణయించేది చైల్డ్ వెల్ఫేర్ కమిటీ. కొన్నాళ్ళు పోయాక ఆ తల్లి తిరిగొచ్చి, బాగా చూసుకోగలదని కమిటీకి నమ్మకం కుదిరితే పిల్ల ఆమె దగ్గరికి వెళ్ళొచ్చు, చట్టం అలాగే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇదంతా కొత్త కాదు. ‘ఎప్పటికీ’ అన్న మాట ఇంతకుముందు ఎవరెవరు తనతో అన్నారో ఆ పిల్లకి లెక్కుంటుంది. మీ చేతిలో ఉన్నది చెప్పండి: ‘మేము పంపం. కమిటీ వాళ్ళు ఏదన్నా మార్పు అనుకుంటే, మాకు తెలిసిన రోజే నీకూ చెబుతాం. నీ వెనక మాట్లాడం.’ మీ ఆడపడుచు ఫోను దెబ్బ తిన్న పిల్లకి ఆ చివరి మాటే ఎక్కువ పనికొస్తుంది. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే చాలదు. స్కానింగుకి వెళ్ళే ముందు, ఊయల కొన్నప్పుడు, సీమంతానికి ఇల్లు సర్దుతున్నప్పుడు మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి ఉంటుంది. విసుక్కోకండి.

బట్టల మూట విప్పి బీరువాలో పెట్టేయకండి. అది ఉంటేనే పాపకి నిద్ర పడుతోందేమో. దిండు కింద తిండి దొరికితే తిట్టొద్దు, నవ్వొద్దు. మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కొని, అందులో జంతికలో చెక్కలో వేసి, ‘ఇది నీది, ఎవరూ ముట్టుకోరు, అయిపోతే మళ్ళీ నింపుతా’ అనండి. ఖాళీ అయిన రోజే నింపండి. చీమల బాధ ముందు తగ్గుతుంది, దాచుకోవడం నెమ్మదిగా తగ్గుతుంది. పక్క తడపడం ఈ వయసులో ఇలాంటి బెంగ పెట్టుకున్న పిల్లల్లో మామూలే. పరుపు మీద రబ్బరు షీటు వేసి, పొద్దున్నే మాట్లాడకుండా దుప్పటి మార్చేయండి. మూత్రంలో మంట, జ్వరం ఉంటే మాత్రం డాక్టరుకి చూపించండి. ‘మేడమ్’ గురించి పంచాయితీ పెట్టకండి. మేడమ్ అంటే మేడమ్‌గానే పలకండి. బలవంతంగా ‘అమ్మా’ అనిపిస్తే ఆ పిలుపు కూడా హోమ్‌లో ప్రార్థనలా అప్పజెబుతుంది.

జడల పని మీ ఆయనకి అప్పజెప్పండి. మొదటి వారం వంకరగా వస్తాయి, రానివ్వండి. ఉత్తరమంతా మీ మాటే గానీ, ఆయన భయం తప్ప ఆయన చేసే పని ఒక్కటి కనబడలేదు నాకు. పాలిచ్చే నెలల్లో మీరు బాలింతగా మంచం మీదుంటే పాపకి దిక్కు ఆయనే. క్యారేజీ కట్టడం, డైరీ మీద సంతకం, రాత్రి పక్కన కూర్చోవడం ఇప్పట్నుంచే ఆయన చేతికి రావాలి. జనవరిలో హఠాత్తుగా మొదలుపెడితే ‘బిడ్డ రాగానే నన్ను వదిలించుకుంది’ అనిపిస్తుంది.

ఇక మీ అత్తగారు. ఆవిడ మనసు మంచిదే. కానీ ఆ ‘కాలు మంచిది’ మాట ఇవాళే ఆపించండి. కడుపు పండటం ఆ పిల్ల కాలి గొప్పదనమైతే, రేపు స్కానింగులో డాక్టరు ఏదన్నా సందేహం చెప్పినా, పుట్టిన బిడ్డకి కామెర్లు వచ్చినా అదీ ఆ కాలి మీదకే వస్తుంది. తండ్రి పోయిన ఇంట్లో ఆ పిల్ల తన కాలు గురించి ఏమేం విని వచ్చిందో మనకి తెలియదు. పైగా పని పూర్తయిన కాలికి ఇంట్లో ఇంకేం అవసరం ఉందన్న అనుమానం పిల్లకి రాదా? మీ ఆడపడుచు ‘అప్పజెప్పేయండి’ అన్న మాటా, మీ అత్తగారి మురిపెమూ ఒకే కొమ్మకి కాశాయి. ‘దేవుడి దయవల్ల నెల తప్పింది’ అనమనండి, దేవుడు ఏమీ అనుకోడు. ఆడపడుచు సంగతి మాత్రం మీ ఆయన చూసుకోవాలి. తోబుట్టువుకి చెప్పాల్సింది అన్నదమ్ముడే, కోడలు కాదు.

డీసీపీయూ ఆఫీసు వాళ్ళకి చెప్పకపోవడం మంచిది కాదమ్మా. గర్భం వచ్చిందని పిల్లని వెనక్కి తీసుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. ఫోస్టర్ కుటుంబాన్ని నెలనెలా చూసి, పిల్ల బాగోగులు కనుక్కోవాలని మాత్రం ఉంది. ఐదో నెల కడుపు ఎన్నాళ్ళు దాస్తారు? వచ్చినవాళ్ళు పిల్లతో విడిగా మాట్లాడతారు. పిల్ల నోట బయటపడితే ‘ఇంకేం దాస్తున్నారో’ అనుకుంటారు, పిల్ల కూడా తానేదో తప్పు చెప్పాననుకుంటుంది. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి: ఫలానా నెలలో కాన్పు, పాపని మా దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నాం, నా బాలింత రోజుల్లో పాపని నా భర్తా మా అమ్మా చూసుకుంటారు, పాపకి కౌన్సెలింగు కావాలి. నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. మీరు రాసిన పక్క తడపడం, తిండి దాచడం కూడా కౌన్సెలరుకి చెప్పండి. అవి మీ పెంపకం మీద ఫిర్యాదులు కావు. ఇంతకన్నా బెంగటిల్లిన పిల్లల్ని వాళ్ళు చూసే ఉంటారు.

అనకాపల్లి ప్రయాణం నాకు నచ్చలేదు. మొదటి పురుడు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం, కాదనను. కానీ నవంబరులో మీరు వెళితే, బిడ్డకి మూడో నెల వచ్చేదాకా తిరిగిరారు. బడి జరుగుతున్న రోజులు. పాపని ఇక్కడ వదిలితే తను అనుకుంటున్నదే నిజమవుతుంది. వెంట తీసుకెళితే బడి పోతుంది, పైగా జిల్లా దాటించి అన్నాళ్ళు ఉంచాలంటే కమిటీ చెవిన వేయకుండా అడుగు కదపకూడదు. మీ అమ్మగారినే కాకినాడ రమ్మనండి. చలిమిడి అక్కడే కలిపి తేవచ్చు, కాయం డబ్బాలో వస్తుంది. పురిటి మంచం మీ ఇంట్లో వేస్తే పాప రోజూ బడినించి వచ్చి చూసుకుంటుంది. మైల అని ఆ పది రోజులూ పాపని గది బయట నిలబెడతారేమో చూసుకోండి. ఇంట్లో మిగతావాళ్ళకి ఏ నియమమో పాపకీ అదే, అంతకన్నా ఒక్కటి ఎక్కువ వద్దు. బారసాలనాడు మేనత్త చేత ఉయ్యాల్లో వేయించాక ఉయ్యాల తాడు పాప చేతికి కూడా ఇవ్వండి. ‘ఏ గోత్రమో’ అని ఎవరైనా గొణిగితే మీ అత్తగారి నోటి ధాటి అప్పుడు వాడుకోండి.

అన్నట్టు, ఉయ్యాల తాడంటే గుర్తొచ్చింది. ‘బిడ్డని ఆడించడానికి తోడు దొరికిందిలే’ అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. పౌడరు డబ్బా అందించడం వేరు, ఉయ్యాల ఊపడానికి హోంవర్కు మానేయడం వేరు. తొమ్మిదేళ్ళ ఆడపిల్ల పనిమంతురాలని మెచ్చుకోవడం ఎక్కువైతే పని చేస్తేనే ఉండనిస్తారని ఖాయం చేసుకుంటుంది. ఆటకి వెళ్ళమని తరమండి.

మీ మామగారు చెప్పిన చట్టం ఉంది, అది వేరే చట్టం. 1956 నాటి హిందూ దత్తత చట్టంలో కూతురున్నవాళ్ళు కూతుర్ని దత్తత తీసుకోకూడదన్న నియమం ఉంది. మీ పాప సంగతి నడిచేది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద, దానిలో ఆ అడ్డు లేదు. సొంత బిడ్డ ఒకరు ఉండటమూ అడ్డు కాదు. 2024లో వచ్చిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళు పెంచాక దత్తతకి అడగొచ్చు, ఇదివరకు ఐదేళ్ళు ఆగాల్సి వచ్చేది. అంటే మీకు వచ్చే వినాయక చవితికి. అయితే ముందుగా కమిటీ పాపని దత్తతకి అర్హురాలిగా ప్రకటించాలి. ఆ తల్లిని వెతకడం, ఆమె మాట వినడం అన్నీ అయ్యాకే అది జరుగుతుంది. కాబట్టి దత్తత మాట పాప దగ్గర ఇప్పుడు ఎత్తొద్దు. పెద్దాయనకి మాత్రం ఈ పేరా చదివి వినిపించండి.

ప్రశ్న: నమస్తే మేడం. మాది కరీంనగర్. మా దగ్గర పదకొండేండ్ల బాబు ఉన్నడు, ఫోస్టర్ కేర్‌ల. వాళ్ళ అమ్మ అప్పుడప్పుడు చూసిపోతది. నా భార్యకు ఎనిమిదో నెల. మొన్న ఆమె వచ్చి నా భార్య కడుపు చూసి ‘మీకు మీ బిడ్డ అస్తున్నడు గద, నా కొడుకును నాకియ్యుండ్రి’ అన్నది. నా భార్య రాత్రంతా ఏడ్చింది, బీపీ పెరిగింది. కాన్పు అయ్యేదాక ఆమెను రావద్దని చెప్పొచ్చా? ఊర్ల మందిగూడ ‘నెలకు నాలుగు వేలు అస్తయని పెంచుతున్నరు’ అంటున్నరు. - ఒక తండ్రి

జవాబు: తమ్ముడూ, రావద్దని చెప్పే హక్కు మీకు లేదు. బాబుని తల్లి చూసిపోవచ్చునని చట్టమే అంటోంది, అది బాబుకి మంచిది కాదని కమిటీ అనుకుంటే తప్ప. కానీ మీ ఇంటి వరండాలోనే కలవాలని ఎక్కడా లేదు. డీసీపీయూలో అడిగి, కాన్పు అయ్యి నీ భార్య కోలుకునేదాకా వాళ్ళ ఆఫీసులో కలిసే ఏర్పాటు చేయించు. బాబుని నువ్వే తీసుకెళ్ళి తీసుకురా. నీ భార్య బీపీ సంగతి ఇవాళే డాక్టరుకి చెప్పు. ఎనిమిదో నెలలో అది ఏడుపు వల్లేలే అని ఊరుకునేది కాదు.

ఆ తల్లి అన్నది మీమీద దావా అనుకోకు. ఇంకొకరి ఇంట్లో తన కొడుకు అన్నం తింటుంటే, ఆ ఇంటావిడ నిండు కడుపుతో ఎదురైతే, ఆమె నోట ఇంకేం వస్తుంది? ‘అక్కా, ఇచ్చేది మేము కాదు, కమిటీకి అర్జీ పెట్టుకో’ అని మర్యాదగా చెప్పు. కావాలంటే ఆఫీసు ఎక్కడో చూపించు. ఆమె నిలదొక్కుకుంటే బాబు వెళతాడు, అదీ ఫోస్టర్ కేర్ పనే. ఇదంతా బాబు ముందు జరిగిందా? నువ్వు రాయలేదు. జరిగి ఉంటే, ఇద్దరు అమ్మల మధ్య తను ఎవరినీ ఎంచుకోనక్కర్లేదని నువ్వే చెప్పాలి, ఈ వారంలోనే.

నాలుగు వేల సంగతి: మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయలు వచ్చేది బాబు ఖర్చుకి. పదకొండేళ్ళ మగపిల్లాడి చెప్పులూ, పుస్తకాలూ, ఆకలీ తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. ఖర్చులు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో, ఆఫీసు వాళ్ళు అడిగితే చూపించడానికి. ఊరివాళ్ళకి చూపించనక్కర్లేదు.

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 33, మావారికి 36. ఇప్పుడు నాలుగో నెల. పుట్టబోయే బిడ్డకి తోడుగా రెండేళ్ళ పాపని ఫోస్టర్ కేర్‌లో తెచ్చుకుందామని ఇద్దరికీ అనిపించింది. ఇప్పుడే అప్లై చేయొచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడు వద్దు. కొన్ని కారణాలు కాగితాల్లోనే ఉన్నాయి. దంపతుల వయసు కలిపి కనీసం 70 ఉండాలి, మీది 69. అది వచ్చే ఏడాదికి సర్దుకుంటుంది గానీ, రెండేళ్ళ పాప మాత్రం దొరకదు. ఫోస్టర్ కేర్‌కి ఇచ్చేది ఆరేళ్ళు దాటిన పిల్లల్ని. అంతకన్నా చిన్నవాళ్ళకి దత్తత ఇల్లు వెతుకుతారు.

అసలు కారణం ‘తోడుగా’ అన్న మీ మాటలో ఉంది. వచ్చే పిల్లకి ఏడో పదకొండో ఉంటాయి, తన బెంగలు తనకుంటాయి, మీ బిడ్డకి ఆటవస్తువుగా రాదు. పైన కాకినాడ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదవండి. ఆవిడ నెలల తరబడి కష్టపడి సంపాదించుకున్న పిలుపు ఒక ఫోను మాటకి పోయింది. మీరు చంటిబిడ్డతో నిద్రలేని రాత్రుల్లో ఆ పని మొదటినుంచీ మొదలుపెట్టాలి. బిడ్డకి రెండేళ్ళు వచ్చాక, ఇంట్లో నిద్ర, జీతాలు, అత్తగారి మోకాళ్ళు ఒక దారికి వచ్చాక, అప్పటికీ ఇద్దరికీ అలాగే అనిపిస్తే మీ జిల్లా డీసీపీయూకి వెళ్ళండి. ఈలోగా పురుడు చక్కగా పోసుకోండి.